పిలుపు ఎప్పుడో పేరులోనే తెలియాలి

సాఫ్ట్‌వేర్ రాసేవారి ప్రశ్నలకు జవాబులు. ఈ నెల ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే విషయం మీద వచ్చాయి కనుక కలిపి ఇస్తున్నాను. ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. కోడ్‌లో అవి ఇంగ్లీషు అక్షరాలతోనే ఉంటాయి.

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మేము ముగ్గురం కలిసి పుస్తక ప్రచురణకర్తల కోసం ఒక తెలుగు ఎడిటర్ తయారుచేస్తున్నాం. పాత అను ఫాంట్లలోని పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడం, అక్షరదోషాలు పట్టుకోవడం వంటి పనులకు బయటివారు ప్లగిన్లు (ఎడిటర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) రాసి జోడించుకునేలా ఇంటర్‌ఫేస్ పెట్టాం. ప్లగిన్ రాసేవారు నింపాల్సిన ఫంక్షన్లు ఐదు: ఇనిట్, ప్రాసెస్, చెక్, సేవ్, లెంగ్త్. విజయవాడ మిత్రుడొకరు సేవ్ ఫంక్షన్‌లో కొటేషన్ గుర్తులను సరిచేసే కోడ్ రాశారు. కోడ్ నడుస్తోంది, ఫైలు తెరిస్తే మాత్రం పాత గుర్తులే ఉంటున్నాయి. ఎందుకంటే ఫైలు రాయడం పూర్తయ్యాకే మేము ఆ ఫంక్షన్‌ను పిలుస్తున్నాం. ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఉంది. తప్పు చదవని వారిదా, పేరు పెట్టిన మాదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పేరుదే తప్పు. సేవ్ అనే పేరు చూసి, అందులో చేసిన మార్పు ఫైలులోకి వెళ్తుందని నమ్మడం తెలివైన మనిషి ఎవరైనా చేసేదే.

ప్లగిన్ ఇంటర్‌ఫేస్‌లో ఫంక్షన్లు రెండు దిక్కుల్లో నడుస్తాయి. కొన్నింటిని ప్లగిన్ పిలుస్తుంది, మీ ఎడిటర్ ఆ పని చేసిపెడుతుంది. ఎంచుకున్న పాఠ్యం ఇవ్వు, కర్సర్‌ను అక్కడికి జరుపు, ఇలాంటివి. వీటికి ఆజ్ఞలాంటి క్రియ ఒక్కటి చాలు. మిగిలినవాటిని రాసేది ప్లగిన్ మనిషి, పిలిచేది మీ ఎడిటర్. వీటినే హుక్ అంటాం. హుక్ రాసే మనిషికి మీ కోడ్ లోపల ఏమి జరుగుతోందో కనబడదు. తన ఫంక్షన్‌ను ఏ క్షణంలో పిలుస్తారు, పిలిచాక తన నుంచి ఏమి ఆశిస్తారు అన్న రెండు సంగతులూ అతనికి తెలియాలి. ఆ రెండింటినీ ముందుగా చెప్పగలిగేది పేరొక్కటే. 'సేవ్' అన్నది ఆజ్ఞా, జరగబోయేదాని గురించి హెచ్చరికా, జరిగిపోయిందన్న కబురా? మీ పేరులో మూడింటికీ చోటుంది. అందుకే మీ మిత్రుడు ఒకటి అనుకున్నారు, మీ ఎడిటర్ ఇంకొకటి చేసింది.

లోపలి ఫంక్షన్‌కు చెడ్డ పేరు పెడితే ఒక మధ్యాహ్నం కూర్చుని మార్చేసుకోవచ్చు. ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లిన పేరు మీ చేతిలో ఉండదు. మీరు ఎన్నడూ చూడని మనుషుల ఫైళ్లలోకి వెళ్లి కూర్చుంటుంది. కాబట్టి రెండో ప్లగిన్ పుట్టకముందే, ఈ వారమే మార్చండి.

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ దీనికి మంచి పాఠం. అక్కడ సేవ్_పోస్ట్ అనే హుక్‌ను వ్యాసం డేటాబేసులో చేరాక పిలుస్తారు. డిలీట్_పోస్ట్ అనే హుక్‌ను డేటాబేసు నుంచి వ్యాసం పోవడానికి సరిగ్గా ముందు పిలుస్తారు. రెండు పేర్లూ ఒకే అచ్చులో పోసినట్టున్నా క్షణాలు మాత్రం ఎదురెదురు. తొలగింపు చుట్టూ ఆ తర్వాత బిఫోర్_డిలీట్_పోస్ట్, డిలీటెడ్_పోస్ట్, ఆఫ్టర్_డిలీట్_పోస్ట్ కూడా ఉన్నాయి. ఈ నాలుగింటిలో కాలాన్ని చెప్పనిది డిలీట్_పోస్ట్ ఒక్కటే. పుస్తకం తెరిచి చూసుకోవాల్సి వచ్చేదీ దానికోసమే.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాయడానికి వాడే కోకో వారిది. అందులో షుడ్, విల్, డిడ్ అనే మూడు మాటలు పేరు మధ్యలో వస్తాయి. విండోషుడ్‌క్లోజ్ అంటే మూయవచ్చా అని అడుగుతోంది, అవుననో కాదనో జవాబివ్వాలి. విండోవిల్‌క్లోజ్ అంటే మూయబోతోంది, ఆపే అవకాశం లేదు, సర్దుకోవాల్సింది సర్దుకోవాలి. అప్లికేషన్‌డిడ్‌ఫినిష్‌లాంచింగ్ అంటే మొదలవడం అయిపోయింది. క్షణమూ, బాధ్యతా రెండూ పేరులోనే ఉన్నాయి. కొత్త హుక్ వచ్చినా ఈ మూడింటిలో ఏది ఉందో చూసి సగం అర్థం చేసుకోవచ్చు.

బాధ్యత అన్నాను కదా, అది తిరిగి ఇవ్వాల్సిన విలువ గురించి. కబురు అందుకునే హుక్ ఏమీ తిరిగి ఇవ్వనక్కరలేదు. పాఠ్యాన్ని మార్చే హుక్ మార్చిన పాఠ్యాన్ని తప్పకుండా తిరిగి ఇవ్వాలి. వర్డ్‌ప్రెస్‌లో మొదటి రకాన్ని యాక్షన్, రెండోదాన్ని ఫిల్టర్ అంటారు. ద_కంటెంట్ అనే ఫిల్టర్‌కు ఫంక్షన్ రాసి, చివర రిటర్న్ మరచిపోతే వ్యాసం మొత్తం ఖాళీగా కనబడుతుంది. ఈ తేడా హుక్ పేరులో లేదు. ద_కంటెంట్ ఫిల్టర్, ద_పోస్ట్ యాక్షన్. పేరు చూసి ఎవరు చెప్పగలరు? ఈమాక్స్ అనే ఎడిటర్ వారు దీన్ని పేరు చివర పెట్టుకున్నారు. మామూలు హుక్ పేరు '-హుక్'తో ముగుస్తుంది, దానికి ఏమీ పంపరు, దాని నుంచి ఏమీ తీసుకోరు. '-ఫంక్షన్స్'తో ముగిస్తే, పంపేదో తీసుకునేదో ఏదో ఒకటి ఉందని అర్థం. పాత సాఫ్ట్‌వేరే, కానీ ఈ విషయంలో నేటి చాలా ఇంటర్‌ఫేస్‌ల కంటే శ్రద్ధ చూపింది.

ఇక మీ ఐదింటి సంగతి. సేవ్‌ను రెండు చేయండి: పాఠ్యం తీసుకుని పాఠ్యం తిరిగి ఇచ్చే ఫిల్టర్_టెక్స్ట్_బిఫోర్_సేవ్, కబురు మాత్రమే అందుకునే ఆఫ్టర్_సేవ్. మీ మిత్రుడి కోడ్ మొదటిదానిలోకి వెళ్తుంది. ప్రాసెస్ అనే మాటను ఇంటర్‌ఫేస్‌లోంచి పూర్తిగా తీసేయండి. బయటి ఫైలు తెచ్చినప్పుడు పిలిచేదైతే ఫిల్టర్_ఇంపోర్టెడ్_టెక్స్ట్ అనండి, అను ఫాంట్లను మార్చే ప్లగిన్‌కు కావలసింది అదే. చెక్‌తో ఇంకో చిక్కుంది. అది ట్రూ ఇస్తే అంతా బాగుందనా, దోషం దొరికిందనా? ఫైండ్_ఇష్యూస్ అని పెట్టి జాబితా తిరిగి ఇవ్వమనండి. జాబితా ఖాళీ అయితే దోషాల్లేవు, అందులో సందేహానికి తావుండదు.

ఇనిట్‌కు జతే లేదు. దోషాలు పట్టే ప్లగిన్ పెద్ద నిఘంటువు ఫైలు తెరుస్తుంది, మరి దాన్ని మూసేది ఎక్కడ? 2000 సంవత్సరంలో లినక్స్ సంగీత సాఫ్ట్‌వేర్ కోసం వచ్చిన లాడ్‌స్పా ఇంటర్‌ఫేస్ చూడండి. ఇన్‌స్టాన్షియేట్‌కు క్లీనప్, యాక్టివేట్‌కు డీయాక్టివేట్, మధ్యలో రన్. దాని తర్వాత వచ్చిన ఎల్‌వీ2 కూడా ఈ పేర్లనే ఉంచుకుంది. అదే రంగంలో వీఎస్‌టీ అనే ఇంటర్‌ఫేస్ రెండో తరంలో ప్లగిన్‌ను ఆన్ చేయడానికీ ఆఫ్ చేయడానికీ ఒకే సందేశం ఉండేది. పేరు ఎఫ్‌మెయిన్స్‌చేంజ్డ్. ఒకటి పంపితే ఆన్, సున్నా పంపితే ఆఫ్. కరెంటు మెయిన్స్ మారింది అన్న ఆ పేరు చూసి, ప్లగిన్ పాత శబ్దాలను తుడుచుకోవాల్సిన క్షణం ఇదేనని కొత్తవాళ్లు ఊహించగలరా? మీరు ఆన్_లోడ్, ఆన్_అన్‌లోడ్ అని జతగా పెట్టండి.

లెంగ్త్ దగ్గర కాస్త ఆగాలి, మనది తెలుగు కాబట్టి. 'క్షేత్రం' అనే మాట తీసుకోండి. చదివేవారికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న, మొత్తం ఎనిమిది కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్ విడివిడిగా సంఖ్య ఇచ్చిన గుర్తులు. పైథాన్‌లో లెన్ అడిగినా, జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగినా 8 వస్తుంది. యూటీఎఫ్-8 ఫైలులో 24 బైట్లు. పాఠకుడికి ఒక అక్షరంగా కనబడే ముక్కలను లెక్కించే లైబ్రరీని అడిగితే, అది ఎప్పటిదన్నదాన్ని బట్టి 4 అనో 2 అనో చెబుతుంది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది, అంతకుముందు లైబ్రరీలు క్, షే అని విడదీసేవి. ఒకే మాటకు నాలుగు జవాబులు, మీ ఇంటర్‌ఫేస్‌లో పేరు ఒక్కటే. శీర్షిక ఇన్ని అక్షరాలు దాటకూడదని ప్రచురణకర్త నియమం పెట్టి, ఒక ప్లగిన్ బైట్లనూ ఇంకొకటి అక్షరాలనూ లెక్కిస్తే గొడవ ఎవరి మీదికి వస్తుందో మీకు తెలుసు. కౌంట్_అక్షరాస్, కౌంట్_కోడ్‌పాయింట్స్, కౌంట్_బైట్స్, ఏది కావాలో తేల్చుకుని ప్రమాణాన్ని పేరులో పెట్టండి. అక్షర అన్న మాట ఇంగ్లీషు పేరులో ఇమడదేమో అని సందేహించకండి, మీ ప్లగిన్లు రాసేవారంతా తెలుగువారే.

ఫంక్షన్ పేరుతో పాటు అది తీసుకునే ఆర్గ్యుమెంట్ల పేర్లూ వాగ్దానాలే. పైథాన్‌లో టెస్టులు నడిపే పైటెస్ట్ తన హుక్‌లకు విలువలను పేరుతోనే పంపుతుంది, ప్లగిన్ తనకు అక్కరలేనివి వదిలేయవచ్చు. కొత్త ఆర్గ్యుమెంట్ చేర్చినా పాత ప్లగిన్లు ఆగవు. పైటెస్ట్‌లో నేను ఇంకా ఎక్కువగా మెచ్చేది వేరొకటుంది. పైటెస్ట్_ అని మొదలై తన జాబితాలో లేని పేరు కనబడితే, ఇలాంటి హుక్ లేదని అది గట్టిగా చెప్పి ఆగిపోతుంది. పేరును బట్టి ఫంక్షన్‌ను వెతికే ఇంటర్‌ఫేస్‌లన్నింటిలో పెద్ద ప్రమాదం నిశ్శబ్దం. ఒక అక్షరం తప్పు పడితే ఆ ఫంక్షన్‌ను ఎవరూ పిలవరు, లోపం ఉన్నట్టు ఏ సందేశమూ రాదు, రాసినవాడు రాత్రంతా తన కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటాడు. మీ ఎడిటర్ కూడా ప్లగిన్ లోడ్ అయ్యేటప్పుడే తెలియని పేర్లను తిప్పికొట్టాలి.

కొత్త పేర్లు పెట్టాక ఒక పరీక్ష చేయండి. వివరణ ఏమీ లేకుండా పేర్లు మాత్రమే కాగితం మీద రాసి, మీ కోడ్ చూడని మనిషికి ఇవ్వండి. ప్రతి పేరు పక్కన, దీన్ని ఎప్పుడు పిలుస్తారు, ఏమి తిరిగి ఇవ్వాలి అని రాయమనండి. నేను మా తోటికోడలి కూతురికి పంపిస్తాను, విశాఖపట్నంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. తను తడబడిన పేరును సమర్థించుకోవడానికి ప్రయత్నించను, మార్చేస్తాను. హైదరాబాదులో పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు రాసిన రోజుల్లో మేము వాడిన ఒక ఇంటర్‌ఫేస్‌లో అప్‌డేట్, రిఫ్రెష్, రీలోడ్ మూడూ ఉండేవి. వాటి మధ్య తేడాను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాం. కొత్తగా చేరినవారికి మొదట చూపించేది ఆ కాగితమే. తేడా పేర్లలోనే ఉండి ఉంటే ఆ కాగితంతో అవసరమే వచ్చేది కాదు.

ప్రశ్న: వర్డ్‌ప్రెస్‌కు ఒక చిన్న ప్లగిన్ రాశాను. అందులో గెట్_సెట్టింగ్స్ అనే ఫంక్షన్ ఉంది. ఒక కళాశాల వెబ్‌సైటులో పెడితే సైటు మొత్తం ఆగిపోయింది. ఆ ఫంక్షన్‌ను మళ్లీ ప్రకటించలేమని ఎర్రర్ వచ్చింది. ఫంక్షన్_ఎగ్జిస్ట్స్ అనే పరీక్ష పెట్టమని స్నేహితులు అంటున్నారు.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆ సైటులోని ఇంకో ప్లగిన్‌లో కూడా గెట్_సెట్టింగ్స్ ఉండి ఉంటుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు రాసే భాష పీహెచ్‌పీలో, విడిగా ఏ నేమ్‌స్పేస్‌లోనూ (పేర్లను వేరుగా ఉంచే అరలోనూ) పెట్టని ఫంక్షన్లన్నీ ఒకే చోట చేరతాయి, ఒకే పేరు రెండుసార్లు వస్తే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. స్నేహితులు చెప్పిన పరీక్ష పెడితే ఎర్రర్ పోతుంది, మీ ప్లగిన్ మాత్రం ఎవరిదో గెట్_సెట్టింగ్స్‌ను తనదనుకుని వాడుకుంటుంది. అది ఆగిపోవడం కంటే ప్రమాదం.

మన ఊళ్లో ఒకే పేరున్నవారు నలుగురుంటే ఇంటిపేరు ముందు పెట్టి పిలుస్తాం. ఇక్కడా అంతే, ప్లగిన్ పేరును ప్రతి ఫంక్షన్‌కూ ముందు తగిలించండి. రెండు మూడు అక్షరాల పొట్టి ప్రిఫిక్స్ వద్దు, ఇంకెవరికో అదే తట్టి ఉంటుంది. నాలుగైదు అక్షరాలైనా ఉండాలి. డబ్ల్యూపీ_ అని మొదలుపెట్టకండి, అండర్‌స్కోర్‌తో మొదలుపెట్టకండి, అవి వర్డ్‌ప్రెస్ తనకోసం ఉంచుకున్నవి. 2009లో పీహెచ్‌పీ 5.3తో నేమ్‌స్పేస్‌లు వచ్చాయి, వాటిని వాడితే ఫంక్షన్ల గొడవ తీరుతుంది. కానీ మీరు సృష్టించే హుక్‌ల పేర్లూ, డేటాబేసులో దాచే ఆప్షన్ల పేర్లూ ఉత్త స్ట్రింగులు, అంటే అక్షరాల వరుసలు. నేమ్‌స్పేస్ వాటిని కాపాడదు. రెండు ప్లగిన్లు సెట్టింగ్స్ అనే ఒకే ఆప్షన్‌లో రాస్తే ఏ ఎర్రరూ రాదు, ఒకరి వివరాలను ఇంకొకరు తుడిచేస్తారు. కాబట్టి ప్రిఫిక్స్‌ను అక్కడ కూడా మరవకండి.

మీ ఒక్కరికే వచ్చిన చిక్కు కాదిది. జావాస్క్రిప్ట్ భాషకే ఫ్లాటెన్ అనే ఫంక్షన్ చేర్చబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరు వాడినందువల్ల కొన్ని సైట్లు చెడిపోయే పరిస్థితి వచ్చింది. 2018లో దాని మీద పెద్ద చర్చే జరిగి, చివరికి భాషలోకి ఫ్లాట్ అనే పేరుతో వచ్చింది.

ప్రశ్న: మా కంపెనీ ప్లగిన్ ఇంటర్‌ఫేస్ చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. ఒక ఫంక్షన్ పేరు తప్పుదారి పట్టిస్తోందని ఇప్పుడు అందరం ఒప్పుకుంటున్నాం. మార్చవచ్చా? చివర 2 అంకె చేర్చి కొత్తది పెడదామని మా మేనేజరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: కొత్త పేరు చేర్చండి, పాతదాన్ని తీసేయకండి. పాత పేరుతో పిలిచినా లోపల కొత్త ఫంక్షనే నడిచేలా చేసి, పాతది వాడినప్పుడల్లా హెచ్చరిక చూపించండి. వర్డ్‌ప్రెస్‌లో ఇందుకోసమే ఉన్న ఫంక్షన్ మూడు సంగతులు అడుగుతుంది: పాత పేరు, ఏ వెర్షన్ నుంచి వద్దన్నారు, బదులు ఏది వాడాలి. మూడోది లేని హెచ్చరిక ఎవరికీ ఉపయోగపడదు.

అంకె విషయంలో మీ మేనేజరుగారి మాటను పూర్తిగా కొట్టిపారేయను. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసులో ప్రిపేర్ అనే పాత ఫంక్షన్ ఇప్పటికీ ఉంది, దాని పక్కన ప్రిపేర్_వీ2, ప్రిపేర్_వీ3 ఉన్నాయి. అక్కడ చేసే పని మారలేదు. ముఖ్యంగా ఎర్రర్లు తెలిపే తీరు మెరుగైంది. అర్థం అదే ఉండి నడక మారితే అంకె న్యాయమే. మీ సమస్య అర్థంలోనే ఉంది. తప్పుదారి పట్టించే పేరుకు 2 తగిలిస్తే తప్పుదారి అలాగే ఉంటుంది. కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఎక్లిప్స్‌లో ఐటెక్స్ట్‌వ్యూయర్‌ఎక్స్‌టెన్షన్ అనే పేరు అలా అంకెలు చేర్చుకుంటూ చాలా దూరం వెళ్లింది. ఐదోదానికీ ఆరోదానికీ తేడా ఏమిటో పేరు చెప్పదు.

వాడితే నష్టం జరిగే ఫంక్షన్ అయితే ఇంకా గట్టిగా చెప్పవచ్చు. 2018లో రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ 16.3 వెర్షన్‌తో కాంపోనెంట్‌విల్‌మౌంట్ వంటి మూడింటి ముందు అన్‌సేఫ్_ అని పెద్ద అక్షరాలతో చేర్చారు. కోడ్ పరిశీలించేవారి కంట పడకుండా పోదు. నాకు ఆ ధైర్యం నచ్చింది.

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో పైథాన్ నేర్పుతున్నాను. నేను రాసిన బొమ్మల ప్రోగ్రామ్‌కు పిల్లలు చిన్న చిన్న ప్లగిన్లు రాస్తారు. ఫంక్షన్ల పేర్లు తెలుగులోనే పెట్టవచ్చా? తోటి ఉపాధ్యాయులు వద్దంటున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: పెట్టండి మాస్టారూ. పైథాన్ మూడో తరం మొదలైనప్పటి నుంచీ తెలుగు పేర్లను ఒప్పుకుంటోంది. ఇంటర్‌ఫేస్ పేర్లు దాన్ని వాడేవారికి అర్థం కావాలి, మీ ఇంటర్‌ఫేస్‌ను వాడేది ఆ పిల్లలే. గీయకముందు, గీసిన_తర్వాత అని రెండు హుక్‌లు ఇస్తే ఎప్పుడు పిలుస్తారో ఏడో తరగతి పిల్ల కూడా చెబుతుంది. పెద్దయ్యాక వాళ్లు ఇంగ్లీషు పేర్లు నేర్చుకుంటారు, దానికి ఇప్పుడే తొందర లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట్ కింద వ ఒత్తుగా పడకుండా మధ్యలో కనబడని గుర్తు ఒకటి టైపు చేస్తాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే చేరుస్తాయి. జావాస్క్రిప్ట్ దాన్ని పేరులో భాగంగా తీసుకుంటుంది, పైథాన్ తీసుకోదు, ఎర్రర్ చూపిస్తుంది. తెర మీద ఏమీ కనబడదు కాబట్టి పిల్లలు బెదిరిపోతారు, అలాంటి మాటలను హుక్‌ల పేర్లలో వాడకండి. రెండోది, తెలుగు అంకె సున్నా (౦), అక్షరాల పక్కన రాసే సున్న (ం) చూడటానికి ఒకటే, పైథాన్‌కు మాత్రం వేర్వేరు. 'రంగు' అనే పేరును ఒక పిల్లవాడు అంకెతో టైపు చేస్తే అది ఇంకో పేరు అయిపోతుంది. మీ ప్రోగ్రామ్ ప్లగిన్‌ను తెరిచేటప్పుడు తెలుగు అంకెలున్న పేర్లను వెతికి, ఏ వరుసలో ఉందో చూపించేలా నాలుగు వరుసల కోడ్ చేర్చండి.